మే నెలలో తాజా చేప

సముద్రతీర విహారంలో రాత్రి భోజనానికి చోటు ఎంచుకోవడం ఇప్పుడొక స్వతంత్ర శాస్త్రం. దీనికి గురువులున్నారు, శిష్యులున్నారు, పరిభాష ఉంది, శాఖాభేదాలూ ఉన్నాయి. పరీక్షలు మాత్రం లేవు. ఉంటే ముందు తప్పేది గురువులే. ఆ గురువులు తీసే తీరపు భోజనాల రీళ్లు చూడనివారు ఈ వేసవిలో ఎవరూ మిగల్లేదు గనుక వాటిలో ఏముందో ఇక్కడ మళ్లీ చెప్పనక్కర్లేదు. అలల చప్పుడు, నిప్పుల మీద చేప, దాని మీద నిమ్మచెక్క పిండే చెయ్యి, కళ్లు మూసుకుని "వేరే లెవెల్" అనే నోరు. ఆ నోటిని నమ్మి హైదరాబాదు నుంచీ విశాఖ నుంచీ కార్లు బయలుదేరతాయి. కళింగపట్నం, మొగదలపాడు, భావనపాడు, శివసాగర్, బారువ, చింతపల్లి. ఏ తీరంలో దిగినా కారు తలుపు వెయ్యకముందే అడిగే ప్రశ్న ఒక్కటే: డిన్నర్ ఎక్కడ?

ముందు క్షేత్ర వివరం. శ్రీకాకుళం జిల్లాకు దాదాపు 193 కిలోమీటర్ల తీరం ఉంది. రాష్ట్రంలో ఇంత పొడుగు తీరం మరే జిల్లాకూ లేదు. విజయనగరం జిల్లాకు భోగాపురం, పూసపాటిరేగ మండలాల్లో కలిపి 28 కిలోమీటర్ల చిల్లర. ఈ పొడవునా ఉన్నవి వేట మీద బతికే ఊళ్లు: బుడగట్లపాలెం, మంచినీళ్లపేట, తిప్పలవలస, కోనాడ, ముక్కాం, పేరులోనే సరుకు పెట్టుకున్న చేపలకంచేరు. 16వ నంబరు జాతీయ రహదారి తీరానికి దూరంగా లోపలి నుంచి పోతుంది. హోటళ్లూ దానితోపాటే పోయాయి. కాబట్టి ఇసక మీద నిలబడి చూస్తే కనబడేవి సాధారణంగా రెండు పాకలు, ఒక రిసార్టు. ఈ మూడింటిలో ఒకదాన్ని ఎంచుకోవడానికి ఒక కుటుంబానికి పట్టే కాలం గంటన్నర.

ఆ గంటన్నరలో మొదటి పావుగంట వారానికి పోతుంది. తెలుగు కుటుంబంలో సోమవారం శివుడిది, మంగళవారం ఆంజనేయుడిది, గురువారం బాబాది, శనివారం వెంకన్నది. శుక్రవారం మీద లక్ష్మీదేవికి సగం హక్కుంది. ఆదివారం ఉదయం అరసవల్లి వెళ్లివచ్చారు గనుక అత్తగారు ముట్టరు, శ్రీకూర్మం వెళ్లివచ్చిన రోజున మామగారు ముట్టరు. అన్నీ తీసెయ్యగా మిగిలిన బుధవారం నాడు సముద్రం చూడటానికి ఎవరికీ సెలవు దొరకదు. చివరికి "పిల్లలకోసం" అనే మినహాయింపు కింద అందరూ తింటారు.

తరువాతి అరగంట నక్షత్రాలది. పూర్వం సముద్రం మీదికి పోయేవారు నక్షత్రాలు చూసి దారి పట్టేవారు. ఇప్పుడు సముద్రం ఒడ్డున కూర్చున్నవారు కూడా నక్షత్రాలు చూసే దారి పడుతున్నారు, ఫోనులో. 4.3 ఉన్న పాక గొప్పది, 3.9 ఉన్న పాక ప్రమాదకరం. ఆ నక్షత్రాలు ఎందుకు వేశారో విప్పి చూస్తే, ఒకటి కారు పెట్టుకోవడానికి చోటున్నందుకు, ఒకటి ఫోటోలు బాగా వచ్చినందుకు, ఒకటి ఓనరు స్వయంగా వచ్చి నవ్వినందుకు. తీసేసిన నక్షత్రాలకూ ఇలాంటి కారణాలే ఉంటాయి. "కర్రీ స్వీట్‌గా ఉంది." పులుసులో చిన్న బెల్లం ముక్క వెయ్యడం తెలిసిన జిల్లాలు ఇవి. ఆ బెల్లం ముక్క విలువ నాలుగు నక్షత్రాల జరిమానా. వంట చేసినామె చదువుకుని ఉంటే తెలుసుకునేది, తన అమ్మమ్మ చేసిన తప్పు ఏమిటో.

ఇక దృశ్యం. "సీ వ్యూ" బల్లకు వేరే గిరాకీ. రాత్రి ఎనిమిదిన్నరకు బంగాళాఖాతం నల్లగా ఉంటుంది, పక్కనున్న గోడ కూడా నల్లగానే ఉంటుంది. గోడ పక్క బల్లకు గిరాకీ లేదు. "సన్‌సెట్ డిన్నర్" అని బోర్డు పెట్టినవారూ ఉన్నారు. గోవా బొమ్మ చూసి రాసుకున్న బోర్డు అది. ఇక్కడ పొద్దు సముద్రంలోంచి లేచి వెనక కొండల్లో పడుతుంది. సూర్యుడికి గుడి కట్టి, తొలి కిరణం ఎటునుంచి వస్తుందో లెక్కకట్టి ద్వారాలు పెట్టుకున్న జిల్లాలో, సాయంత్రం ఆరింటికి తూర్పు ముఖంగా కుర్చీలు వేసి సూర్యాస్తమయం అమ్ముతున్నారు. కొనేవాళ్లు కొంటున్నారు. కాసేపు చూసి, మబ్బు పట్టిందనుకుని, సూపు తెప్పించుకుంటున్నారు.

తరువాత మెనూ. తీరంలో దొరికే మెనూ పుస్తకాల్లో భారతదేశం అంతా ఉంటుంది, శ్రీకాకుళం తప్ప. గోవా ఫిష్ కర్రీ ఉంటుంది, కేరళ పరోటా ఉంటుంది, తందూరీ పాంఫ్రెట్ ఉంటుంది, రాజుగారి కోడి పులావు ఉంటుంది. గుమ్మం మీద మాత్రం "గోదావరి రుచులు" అని ఎర్రని అక్షరాలు. వంశధార సముద్రంలో కలిసేచోట గోదావరి రుచులు! నాగావళి నీళ్లు తాగి, మహేంద్రతనయ పక్కన కాపురం ఉండి, వంటకు మాత్రం రెండు మూడు వందల కిలోమీటర్ల అవతలి నది పేరు అరువు తెచ్చుకోవాలి. పొరుగింటి పుల్లకూర రుచి అన్న సామెత పక్కింటి దాకానే ఉద్దేశించింది, ఇంత దూరం వస్తుందని పెద్దవాళ్లు అనుకుని ఉండరు. ఉద్దానం పనసపొట్టుకు ఆవ పెట్టి వండిన కూర ఏ మెనూలోనూ లేదు. పలాస పక్కనే ఉండి పచ్చి జీడిపప్పు కూర లేదు. చోడంబలి లేదు. అవి పేదల తిండి అన్న సిగ్గు ఉంది. హైదరాబాదులో అదే చోడిపిండిని రాగి మాల్ట్ అని గాజు గ్లాసులో పోసి ఇస్తే ఆ సిగ్గు పోతుంది.

ఇంతవరకు చెప్పినవి చిల్లర విషయాలు. అసలు విషయం ఒక్క మాటలో ఉంది. ఆ మాట "ఫ్రెష్ క్యాచ్." సుద్దముక్కతో నల్లబల్ల మీద రాస్తారు, లైట్లతో రాస్తారు, రీల్‌లో కింద పాకే అక్షరాల్లో రాస్తారు. ఈ రోజు పట్టిన చేప. ఇవాళ్టి వేట. సముద్రం నుంచి నేరుగా పళ్లెంలోకి. రాత్రి భోజనశాల ఎంపికలో మిగిలిన కొలమానాలన్నీ దీని తరువాతే. ఇది ఉన్న చోటికి కార్లు మళ్లుతాయి, ఇది లేని చోట ఈగలు ముసురుతాయి.

ఈ మాటను క్యాలెండరు పక్కన పెట్టి చూడాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం గనుక ఇంజిన్ ఉన్న ఏ పడవా ఈ రోజుల్లో వేటకు పోకూడదు. 2015కు ముందు ఈ నిషేధం మే 31తో ముగిసేది, తరువాత జూన్ 14 దాకా పొడిగించారు. మీరి పోతే పడవ పట్టుకుంటారు, డీజిల్ రాయితీ పోతుంది. ఇప్పుడు బడి క్యాలెండరు. వేసవి సెలవులు ఏప్రిల్ చివరి వారంలో మొదలవుతాయి, జూన్ 12 ప్రాంతంలో ముగుస్తాయి. అంటే పిల్లలకు సెలవులు ఇచ్చేసరికి సముద్రానికి తాళం పడి ఉంటుంది, తాళం తీసేసరికి పిల్లలు బళ్లో ఉంటారు. సెలవుల్లో ఒక్క రోజు కూడా, ఒక్కటంటే ఒక్క రోజు కూడా, ఈ తీరంలో మరపడవ కదలదు. ఆ రోజుల్లోనే "ఇవాళ్టి వేట" గిరాకీ శిఖరానికి చేరుతుంది.

కాబట్టి మే నెలలో ఆ బోర్డుకు రెండే అర్థాలు సాధ్యం. బోర్డు నిజమైతే అది నేరాంగీకారం. నేరం జరగలేదంటే బోర్డు అబద్ధం. మూడో అర్థం ఒకటి వెతికితే దొరుకుతుంది. ఇంజిన్ లేని తెప్పలకు నిషేధం వర్తించదు. తెడ్డు వేసుకుని ఒడ్డుకు దగ్గరలో వల వేసే పేదవాడు గంపెడు కవళ్లో, దోసెడు నెత్తళ్లో తెస్తాడు. అవి నిజంగా ఆ ఉదయం పట్టినవే. కానీ కవళ్లు మెనూలో లేవు. ముళ్లు ఎక్కువ, ఫోటోలో చిన్నగా పడతాయి, పేరు ఇంగ్లీషులో పలకడానికి బాగుండదు. మెనూలో ఉండేవి వంజరం, చందువా, టైగర్ ప్రాన్స్. నిషేధంలో చట్టప్రకారం దొరికే ఒకే ఒక్క తాజా చేపను వదిలేసి, దొరకని మూడింటిని తాజాగా అమ్మడం ఈ శాస్త్రంలోకెల్లా కష్టమైన ప్రక్రియ.

శాస్త్రం గనుక ప్రయోగం ఉండాలి. మే రెండో వారం, రాత్రి 8.30. బల్ల మీద ప్లాస్టిక్ గుడ్డ, గాలికి లేవకుండా నాలుగు మూలలా బట్టల క్లిప్పులు. గుమ్మంలో తెల్ల థర్మాకోల్ పెట్టె, అందులో ఐసు, ఐసు మీద మూడు చందువాలు, ఒక వంజరం, గుప్పెడు రొయ్యలు, అలంకారానికి రెండు నిమ్మకాయలు. చందువా కన్ను లోపలికి పోయి ఉంది, మీద పాలపొర లాంటి తెలుపు. మొప్ప ఎత్తితే పాత ఇటుక రంగు. వేలితో నొక్కితే పడిన గుంట పైకి లేవడం లేదు. పర్యాటకుడు అడుగుతాడు:

"ఇవి ఎప్పటివి తమ్ముడూ?"

"ఫ్రెష్ సార్."

"ఎప్పుడు పట్టారు?"

"ఇయ్యాలే సార్."

"ఎవరు పట్టారు?"

కుర్రాడికి ఈ ప్రశ్న నేర్పలేదు. వెనక్కి తిరిగి చూస్తాడు. పొయ్యి దగ్గర చేపకు పసుపు పట్టిస్తున్న పెద్దామె తల ఎత్తకుండానే చెబుతుంది: "ఏట బందు గదేటి బావూ, ఎవులు పడతారు? బండి మీద వొచ్చినాయి." గల్లాపెట్టె దగ్గరినుంచి వెంటనే ఒక కేక: "సార్‌కి టైగర్ ప్రాన్స్ చూపించరా!"

ప్రయోగ ఫలితం: ఆ పాకలో నిజం చెప్పే ఒక్క మనిషికి బోర్డు రాసే పని ఇవ్వలేదు.

బండి మీద వచ్చినవి ఎక్కడివి? శీతల గిడ్డంగిలో నెలల కిందట పెట్టినవి కొన్ని. పడమటి తీరంలో నిషేధం జూన్ 1న మొదలవుతుంది గనుక మే నెలలో అరేబియా సముద్రం నుంచి ఐసులో లారీ ఎక్కి దేశం అడ్డంగా దాటివచ్చినవి కొన్ని. బంగాళాఖాతం ఒడ్డున కూర్చుని, బంగాళాఖాతం గాలి పీలుస్తూ, అరేబియా సముద్రపు చేప తిని, "సీ నుంచి ప్లేట్‌కి" అని పోస్టు పెడతారు. మాట తప్పు కాదు. ఏ సముద్రమో చెప్పలేదు.

రొయ్య సంగతి ఇంకా బాగుంటుంది. పళ్లెంలోది చాలాసార్లు వనామీ. భోగాపురం, పూసపాటిరేగ వైపు కారులో వస్తూ దారి పక్కన చూసిన చెరువుల్లో, గాలిచక్రాలు నీళ్లు చిమ్ముతుంటే పెరిగింది. దాని సొంతూరు మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం. మన దేశంలో పెంపకానికి 2009లో అనుమతి వచ్చింది. అది మంచి రొయ్యే, రైతు కష్టపడి పెంచిందే. దాన్ని "సముద్రపు రొయ్య, ఇవాళ్టిది" అనడంలోనే ఉంది చిక్కంతా. ముళ్లు లేని "ఫిష్ ఫింగర్" అయితే మెకాంగ్ నది వంశానికి చెందిన పంగాసియస్, పెరిగింది కైకలూరు వైపు చెరువులో. అపోలో ఫిష్‌గా మారిన తరువాత దాని పుట్టుపూర్వోత్తరాలు ఎవరికీ గుర్తుండవు, దానికి కూడా. ఒక్క పళ్లెంలో పసిఫిక్, మెకాంగ్, అరేబియా. కిటికీ అవతల పది గజాల్లో బంగాళాఖాతం, పళ్లెంలో లేనిది అదొక్కటే.

ఈ అసంగతత్వానికి సంవత్సరం మరో చివర ఇంకో ముఖం ఉంది. కార్తీకమాసంలో వేట సాగుతుంది. పడవలు పోతాయి, చేప వస్తుంది, ధర దిగుతుంది. అప్పుడు కూడా జనం సముద్రానికి వస్తారు, బస్సులు కట్టుకుని వస్తారు. స్నానాలు చేస్తారు, దీపాలు వదులుతారు, వనభోజనాల్లో పులిహోర తింటారు. చేప ముట్టరు, కార్తీకం గదా. అంటే సముద్రంలో చేప ఉన్న నెలలో మనకు వ్రతం, చేపకు వ్రతం ఉన్న నెలలో మనకు ఆకలి. ఈ ఏర్పాటు చేసినవాడెవడో చేపల పక్షపాతి అయి ఉండాలి.

ఇక్కడి నుంచి నవ్వుతూ రాయడం కష్టం. ఎందుకంటే ఆ 61 రోజులు ఒడ్డున కూర్చునేవాడు ఒకడున్నాడు. పడవను ఇసక మీదికి లాగి, తాటాకు కప్పి, వల కుట్టుకుంటూ, అప్పు లెక్క వేసుకుంటూ కూర్చుంటాడు. అతను వేట మానేశాడు గనుకే వచ్చే సంవత్సరం చేప ఉంటుంది. అలా మానుకున్నందుకు ప్రభుత్వం ఇచ్చేది ఒకప్పుడు 4,000 రూపాయలు, 2019లో 10,000 అయింది. 2025 ఏప్రిల్ 26న బుడగట్లపాలెంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు సభ పెట్టి "మత్స్యకార సేవలో" పేరున 20,000 చేశారు. ఇరవై వేలను 61 రోజులకు పంచితే రోజుకు 328 రూపాయలు, ఇంటిల్లిపాదికీ. ఈ అంకెను ఒక ప్లేటు వంజరం వేపుడు బిల్లు పక్కన పెట్టి చూసే పని ఈ వ్యాసానిది కాదు, బిల్లు కట్టినవారిది.

అతను పస్తుండి కాపాడుతున్న సముద్రం మీద "ఇవాళ్టి వేట" అని లైట్ల బోర్డు పెట్టడం హాస్యం కాదు, అవమానం. అతను చట్టానికి కట్టుబడి ఇంట్లో కూర్చున్నాడని తెలిసి, ఆ రాత్రే దొంగచాటుగా పోయి పట్టుకొచ్చాడన్నట్టు రాయడం అది. అబద్ధం ఆడేది పాకవాడు ఒక్కడే అనుకుంటే పొరపాటు. వాడు నోటితో అబద్ధం ఆడతాడు, పర్యాటకుడు డబ్బుతో ఆడిస్తాడు. "ఇప్పుడు వేట లేదండీ, ఇది ఐసు చేప" అని నిజం చెప్పిన పాకకు ఆ రాత్రే ఒక నక్షత్రం రాలుతుంది. అలా రెండుసార్లు రాలాక ఎవడైనా సుద్దముక్క తీసుకుంటాడు. ఆ రీల్ గురువులకు మాత్రం ఏ సాకూ లేదు. రెండు వేళ్లతో ఫోను మీద వెతికితే తెలిసే నిషేధం తేదీలు తెలుసుకోకుండా తీరాల మీద తీర్పులు చెబుతున్నవారు, తెలియక చెబుతున్నారనుకోవడం మర్యాద. మర్యాదకైనా ఒక హద్దుంటుంది.

వేట ఉన్న నెలల్లో మాత్రం ఆ మత్స్యకారుడు ఇక్కడుంటాడా అంటే, చాలా ఊళ్లలో ఉండడు. ఇంత పొడుగు తీరం ఉన్న జిల్లాలో పెద్ద పడవలు ఆగడానికి తగిన హార్బరు లేక తరాలు గడిచాయి. అందుకే ఇక్కడి మగవాళ్లు గుజరాత్‌లోని వెరావల్‌కు పోయి, అక్కడి ఓనర్ల బోట్లలో నెలల తరబడి కూలికి వేట చేస్తారు. 2018 నవంబరులో అలా పోయినవారిని సముద్రం మీద పాకిస్తాన్ పట్టుకుపోయింది. పట్టుబడిన ఆంధ్ర మత్స్యకారుల్లో ఎక్కువమంది ఈ రెండు జిల్లాలవారే. వారిలో 20 మంది ఏడాదికి పైగా జైలులో ఉండి 2020 జనవరిలో వాఘా దాటి వచ్చారు. ఆ కథతో 2025లో వచ్చిన "తండేల్" సినిమా చూసి జనానికి ఈ తీరంలోని మత్స్యలేశం అనే ఊరి పేరు తెలిసింది. సినిమా చూసి కన్నీళ్లు పెట్టుకున్న కుటుంబమే మే నెలలో అదే తీరానికి వచ్చి, తాజా చేప లేదని ముఖం చిట్లిస్తుంది. వెరావల్ నుంచి ఐసులో వచ్చిన ఆ వంజరాన్ని వలలోంచి తీసిన చెయ్యి, ఆ పాక వెనక వీధిలో పుట్టిన చెయ్యే కావచ్చు. మనిషి అటు వలస పోయాడు, చేప ఇటు వలస వచ్చింది. మధ్యలో ఎవరు బాగుపడ్డారో బిల్లులో రాయరు.

ఇక వేళ సంగతి. నిషేధం లేని రోజుల్లో కూడా రాత్రి భోజనం ఈ తీరానికి తప్పు పూట. పడవలు తెల్లవారుజామున రెండింటికో మూడింటికో పోతాయి. పొద్దెక్కాక ఒడ్డుకు వస్తాయి. వల విప్పుతుండగానే ఇసక మీద పాట మొదలవుతుంది. కుప్పకింతని అరుస్తారు, తలూపినవాడిదే సరుకు. గంపలు నెత్తినెత్తుకున్న ఆడవాళ్లు ఊళ్ల మీదికి పోతారు, పెద్ద చేప ఐసు పెట్టెల్లో వ్యాను ఎక్కి నగరానికి పోతుంది. మధ్యాహ్నానికి ఒడ్డు ఖాళీ. పల్లెలో చేపల పులుసు మధ్యాహ్నపు వంట. చీకటి పడేసరికి తిని, ఎనిమిదింటికి పడుకుంటారు, మళ్లీ రెండింటికి లేవాలి. రాత్రి తొమ్మిదికి ఆ ఊళ్లలో మేలుకుని ఉండేవి కుక్కలు, పర్యాటకులు. చేప ఒడ్డుకు వచ్చిన పూట ఈ పర్యాటకుడు ఎక్కడున్నాడని వెతికితే, గదిలో ఏసీ కింద నిద్రపోతున్నాడు, లేచి ఉచిత టిఫిను కింద ఇడ్లీ తింటున్నాడు. పది గంటలు ఆలస్యంగా బల్ల దగ్గరికి వచ్చి తాజాదనం అడుగుతున్నాడు.

ఎంపిక పద్ధతి చెప్పకుండా శాస్త్రం ముగియదు గనుక అది కూడా క్రమంగా. వేట ఉన్న నెలల్లో అయితే ఎక్కడ తినాలి అన్న ప్రశ్నను వదిలెయ్యాలి, ఇవాళ ఏం పడింది అని అడగాలి. "ఇయ్యాల ఏటి పడ్డాయమ్మా?" అని పొద్దున తొమ్మిదింటికి ఒడ్డున గంప దించిన ఆవిడను అడిగితే చాలు. కానాగంతలు పడితే కానాగంతలు, సావిడాయిలు పడితే సావిడాయిలు. వంజరమే కావాలని పట్టుపట్టినవాడు చేప తినడానికి రాలేదు, పేరు తినడానికి వచ్చాడు. కొన్న చేపను వండిపెట్టే చెయ్యి ప్రతి ఊళ్లోనూ ఉంటుంది, అడగడం తెలియాలి, ఇవ్వాల్సింది ఇవ్వాలి. తినాల్సిన పూట మధ్యాహ్నం. రాత్రికి పప్పుచారు, వేయించిన వడియం చాలు, లేదా రోడ్డు మీది మెస్సులో రెండు పుల్కాలు. ఒక పూట చేప లేకపోతే సముద్రం అలగదు.

నిషేధం ఉన్న నెలల్లో అయితే ఆ కాలానికి ఈ తీరం తినే తిండి ఒకటుంది. అది ఎండుచేప. వేట ఉన్నప్పుడు మిగిలినదాన్ని ఉప్పు పట్టించి, ఇసక మీద ఎండబెట్టి, గోనెల్లో కట్టి దాచుకున్నది. ఎండు నెత్తళ్లను పెనం మీద వేయించి, తలలు తుంచి, మేలో దొరికే పుల్లమామిడితో వండుతారు. వంకాయలోనూ వేస్తారు. అందులో ఏ బోర్డూ అబద్ధం ఆడాల్సిన పని లేదు. ఎప్పుడు పట్టారంటే జనవరిలో అంటారు, జనవరిలోనే పట్టారు. తాజా కాదని ముందే ఒప్పుకున్న ఏకైక చేప అది. దాని వాసన గుమ్మందాకా రాగానే రిసార్టు పర్యాటకుడు ముక్కు మూసుకుంటాడు, ముక్కు మూసుకునే పక్క బల్ల మీది ఐసు వంజరానికి ఆర్డరు ఇస్తాడు. చేప వద్దనుకున్నవారికి మే నెల లోటు చెయ్యదు. ఉద్దానంలో పనస పండుతుంది, జీడిగింజ రాలుతుంది, తాటిచెట్టు కింద ముంజెలు కొట్టి ఇస్తారు. ఇవన్నీ నిజంగానే ఇవాళ్టివి. వీటి కోసం బోర్డు పెట్టినవారు ఇంతవరకు లేరు.

మిగిలింది కాలక్రమం. జూన్ మొదటి వారంలో రిసార్టులు ఖాళీ అవుతాయి. 12 ప్రాంతంలో బడులు తెరుస్తారు. 14 అర్ధరాత్రితో నిషేధం తీరుతుంది. పడవలకు పసుపు రాసి, గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి వేటకు పోతారు. మర్నాడు పొద్దెక్కాక బుడగట్లపాలెంలో, మంచినీళ్లపేటలో, చింతపల్లిలో ఇసక మీద మళ్లీ పాట మొదలవుతుంది. ఆ రోజుకు బోర్డు మీది మాట అక్షరం మార్చకుండా నిజమవుతుంది. ఆ పూట పాకలో పొయ్యి వెలిగించరు. సీజను అయిపోయింది.